బొంగులో చికెన్ మన ఇంటిపేరు కాదు



పోస్టు పెద్దది. ఓపిగ్గా చదవండి. తిట్టాలనిపిస్తే చివరిదాకా చదివి తిట్టండి, మధ్యలో ఆపి తిట్టొద్దు.

ఇది వంట గురించి. గ్రూపులో భూమి గురించి, జీవోల గురించి, హాస్టళ్ళ గురించి ఎన్నో పోస్టులు వచ్చాయి. వంట గురించి రాస్తే "ఇదేం పోస్టు, వంటల ప్రోగ్రామా" అంటారని మాకు తెలుసు. అనండి. కానీ భూమి గురించి రాసినా, భాష గురించి రాసినా చివరికి పొయ్యి దగ్గరికే రావాలి. భూమి పోయిందని మొదట తెలిసేది పొయ్యికే.

మేమెవరం అంటే, ఊరు వదిలి పట్నంలో గదులు తీసుకుని చదువుకుంటున్నవాళ్ళం. మాలో కోయవాళ్ళున్నారు, కొండదొరలున్నారు, సవరలున్నారు, గోండులున్నారు. పొద్దున క్లాసు, రాత్రి చదువు, మధ్యలో ఒక స్టవ్వు, ఒక కుక్కరు. ఎవరి వంట వాళ్ళే వండుకుంటాం. అంటే ఇంటి వంట చేసేవాళ్ళమే. ఆ హోదాతోనే ఈ నాలుగు మాటలు.

బయటికి చదువుకి వచ్చిన మొదటి ఏడాదే మనందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "మీవాళ్ళు ఏం తింటారు?" అడిగే అందరూ చెడ్డోళ్ళు కారు. కొందరు నిజంగా తెలుసుకుందామనే అడుగుతారు. గది అద్దెకిచ్చే ముందు ఓనరు అడిగేది వేరు. అది ప్రశ్న కాదు, పరీక్ష. మాలో ఇద్దరికి ఎండుచేపల వాసన వస్తుందని గది ఖాళీ చేయమన్నారు. పక్క వాటాలో రొయ్యల వేపుడు చేస్తే మాత్రం ఎవరికీ వాసన రాలేదు. ఎవరి వంటకి ముక్కు మూసుకోవాలో, ఎవరి వంటకి లొట్టలు వెయ్యాలో ముందే తేలిపోయి ఉంది.

ఎవరు అడిగినా మన దగ్గర వినబడుతున్న జవాబులు మాత్రం రెండే. ఒకటి: "ఏముంది, మీలాగే అన్నం, పప్పు." రెండోది: "బొంగులో చికెన్ తెలుసు కదా, అదే మాది."

మొదటి జవాబులో మనం కనబడం. రెండో జవాబులో కనబడతాం గానీ, ఎవరో టూరిస్టు తీసిన ఫొటోలో నిలబడ్డట్టు కనబడతాం. ఈ రెండు జవాబులూ మనవి కావన్నదే ఈ పోస్టు.

ముందు బొంగు సంగతి తేల్చుకుందాం.

అరకు రోడ్డు మీద, మారేడుమిల్లి దగ్గర బొంగులో చికెన్ అమ్ముకుని బతుకుతున్న మన అన్నలూ అక్కలూ ఉన్నారు. వాళ్ళ మీద మాకు ఏ కోపమూ లేదు. కష్టపడుతున్నారు, అమ్ముకుంటున్నారు, మంచిదే. పచ్చి వెదురు కణుపులో కూరి, ఆకుతో మూతి బిగించి, నిప్పుల్లో తిప్పుతూ ఉంటే ఆ బొంగులో తడితోనే మాంసం ఉడుకుతుంది. నూనె అక్కర్లేదు. తెలివైన పద్ధతే. అడవికి పోయినప్పుడు గిన్నె మోసుకుపోని మనిషి తెలివి అది.

కానీ అది అడవిలో పూట గడుపుకునే వంట. ఏడాదికి ఎన్నిసార్లు మన అమ్మలు ఇంట్లో బొంగులో చికెన్ వండారో లెక్క పెట్టండి. ఇప్పుడు చోడంబలి ఎన్నిసార్లు కాచారో లెక్క పెట్టండి. ఏది మన వంట?

ఇంకో మాట. పట్నం హోటళ్ళలో బొంగులో చికెన్‌ని "గిరిజన వంటకం" అని మెనూలో వేసి అమ్ముతున్నారు. ఆ వంట పేరు మనది, మసాలా వాళ్ళది, డబ్బు వాళ్ళది. మరి బొంగు ఎవరిది? 1927 అటవీ చట్టంలో వెదురుని చెట్టు కింద రాశారు. గడ్డి జాతి మొక్కని చెట్టు అన్నారు. ఆ నిర్వచనంలోంచి వెదురుని తీసెయ్యడానికి 2017 దాకా పట్టింది. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం వెదురుని, తేనెని, దుంపల్ని, తునికాకుని చిన్నతరహా అటవీ ఉత్పత్తులన్నది. వాటిని సేకరించుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కు, వాటి మీద యాజమాన్యం అడవిలో బతికేవాళ్ళదే అన్నది. బొంగులో చికెన్ తినేవాళ్ళలో ఈ సంగతి ఎంతమందికి తెలుసు? మనలో ఎంతమందికి తెలుసు? ఒక వంట మనదని చెప్పుకుంటే దానికి కావలసిన వెదురు మీద హక్కు గురించి కూడా మాట్లాడాలి. హక్కు వదిలేసి రుచి ఒక్కటే మనదంటే ఏం లాభం?

ఇక రెండో సంగతి, "సూపర్ ఫుడ్".

సామలు, చోళ్ళు, కొర్రలు, ఊదలు, జొన్నలు. మన తాతముత్తాతల తిండి. వీటిని పేదోళ్ళ తిండి అన్నారు, కొండోళ్ళ తిండి అన్నారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. తర్వాత్తర్వాత కొండమీద పళ్ళెంలోకి కూడా తెల్లన్నం వచ్చింది. అన్నం పెడితే మర్యాద, అంబలి పోస్తే నామోషీ అయింది. చుట్టాలొస్తే చోడి ముద్ద దాచి అన్నం వండిన ఇళ్ళు మన ఊళ్ళలో ఎన్ని లేవు?

2023 వచ్చేసరికి అది అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అయింది. కేంద్ర బడ్జెట్లో వాటికి "శ్రీ అన్న" అని పేరు పెట్టారు. ఇప్పుడు సూపర్ మార్కెట్లో అందమైన ప్యాకెట్లో సామలు కూర్చున్నాయి. మన ఊరి సంతలో అమ్మిన ధరకీ ఆ ప్యాకెట్ మీది ధరకీ పొంతన లేదు. నలభై ఏళ్ళు "ఇదేం తిండి" అన్నవాళ్ళే ఇవాళ "ఇదే తిండి" అంటున్నారు. అప్పుడూ మన అవ్వల్ని అడగలేదు, ఇప్పుడూ అడగలేదు.

మేం బియ్యాన్ని తిట్టడం లేదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే కొందరు అన్నలు ఊపులో రేషను బియ్యాన్నే తిట్టేస్తున్నారు. ఆషాఢం, శ్రావణం నెలల్లో గాదెలో గింజ లేక, అడవి దారులు మూసుకుపోయి, పిల్లలు ఏడ్చిన రోజుల్ని రేషను బియ్యం కాచింది. ఆకలి తెలిసినవాళ్ళెవరూ ఆ బియ్యాన్ని ఎగతాళి చెయ్యరు. మా ప్రశ్న వేరు. బియ్యం ఇచ్చినట్టే సామలు దంచే మిల్లు కూడా కొండమీదికి ఎందుకు ఇవ్వలేదు? సామల పొట్టు తియ్యడం ఎంత కష్టమో రోకలి పట్టిన చెయ్యికి తెలుసు. అమ్మలు తెల్లారకముందే లేచి దంచాలి, చెరగాలి, మళ్ళీ దంచాలి. బియ్యం వచ్చాక ఆ చేతులకి కొంచెం తెరిపి దొరికింది. చిరుధాన్యాలు తగ్గడానికి అది కూడా ఒక కారణం. "మన సంప్రదాయ తిండికి తిరిగి వెళ్దాం" అని పోస్టులు పెట్టే తమ్ముళ్ళూ, ఆ రోకలి ఎవరు పడతారో కూడా ఆ పోస్టులోనే రాయండి.

సరే, బొంగూ కాదు, ప్యాకెట్టూ కాదు. మరి మన వంటని మనదిగా చేసేది ఏది? మేం మాలో మేం చాలా రాత్రులు వాదించుకుని నాలుగు మాటల దగ్గర ఆగాం. కాలం, చెయ్యి, నేల, వరస.

కాలం. మనకి కొత్తల పండుగలున్నాయి. మామిడి కొత్త, సామ కొత్త, చిక్కుడు కొత్త. సవర ఊళ్ళలో కంది కొత్త. కొత్త పంట దేవతకీ, పెద్దలకీ పెట్టకుండా ఇంట్లో ఎవరూ నోట్లో వేసుకోకూడదు. చెట్టు నిండా మామిడికాయలు వేలాడుతున్నా పండుగ కాకుండా ముట్టరు. బయటివాళ్ళు దీన్ని మూఢనమ్మకం అంటారు. కాయ ముదరకముందే కోసేస్తే రేపు విత్తనం ఎక్కడిది? అందరికీ ఒకేరోజు అందాలంటే ముందు ఎవడో ఒకడు దూసుకుపోకూడదు కదా? ఎప్పుడు తినకూడదో తెలిసిన వంట మనది. ఫ్రిజ్జు తలుపు తీస్తే పన్నెండు నెలలూ అన్నీ దొరికే చోట ఈ సంగతి చెప్తే వింతగా వింటారు. విననివ్వండి. చెప్పాల్సింది ఇదే.

చెయ్యి. అడవిలో తినే దుంపలు కొన్ని ఊరికే ఉడకేసి తింటే గొంతు పట్టేస్తాయి, ప్రాణం మీదికి వస్తాయి. వాటిని పల్చగా చక్రాలు కోసి, ఉడికించి, బుట్టలో పెట్టి పారే నీళ్ళలో ఉంచి, చేదంతా పోయాక తింటారు. జీలుగు చెట్టు కల్లు ఒక్కటే అందరికీ తెలుసు. కరువు రోజుల్లో ఆ మాను లోపలి గుజ్జు ఎండబెట్టి, దంచి, జల్లించి, జావ కాచుకున్నది కొండరెడ్లు. మామిడి టెంకల్ని ఎండబెట్టి, పగలగొట్టి, లోపలి జీడి తీసి, వగరు పోయేదాకా నీళ్ళలో నానబెట్టి టెంక జావ కాచింది మన అవ్వలే. ఏ కాలేజీలోనూ చెప్పని రసాయన శాస్త్రం ఇది. పుస్తకంలో లేదు, చేతిలో ఉంది. ఆ చెయ్యి పోతే అది పోతుంది.

ఇక్కడ ఒక సంగతి ఆగి చెప్పాలి. 2001లో ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్‌లో మామిడి టెంకల జావ తాగి ఆదివాసీలు చనిపోయారు. 2024లో కంధమాల్ జిల్లాలో మళ్ళీ అలాగే ఆడవాళ్ళు చనిపోయారు. పేపర్లలో, టీవీల్లో వచ్చిందేంటి? "టెంకలు తిని మృతి." అంటే, తెలివి తక్కువోళ్ళు, చెత్త తిన్నారు, చచ్చిపోయారు అన్నట్టు. టెంకలు తరాల తరబడి తింటున్న తిండి. తడి తగిలి, బూజు పట్టినప్పుడు అది విషమవుతుంది. మరి బూజు పట్టిన టెంకల దాకా ఆ ఇల్లు ఎందుకు వెళ్ళాల్సి వచ్చింది? ఆ రోజు ఆ పొయ్యి మీదికి బియ్యం ఎందుకు లేవు? ఆ ప్రశ్న అడగాల్సిన చోట "వాళ్ళ అలవాట్లే అంత" అన్నారు. మన వంటని మనం వివరించకపోతే మన చావుని కూడా వాళ్ళే వివరిస్తారు. ఇందుకే ఇది చిన్న విషయం కాదంటున్నాం.

నేల. పోడులో ఒకే చెక్కలో సామ, చోడి, కంది, అలసంద, గుమ్మడి కలిపి వేస్తారు కాబట్టే మన కుండలో అవి కలుస్తాయి. వలిసెలు పూసే చోట వలిసెల పొడి ఉంటుంది. వెదురు ఉన్నచోట వానాకాలంలో కొమ్ముల కూర ఉంటుంది. ఇప్ప చెట్టు ఉన్నచోట ఇప్పపువ్వు ఉడకబెట్టి తిన్నారు, ఎండబెట్టి దాచుకున్నారు, గింజల నూనెతో వండుకున్నారు. ఇవాళ ఉట్నూరులో ఆదివాసీ అక్కలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. సారా అనే ఒక్క మాటకి కుదించేసిన పువ్వుకి మళ్ళీ తిండి పేరు తెచ్చారు. వాళ్ళకి జోహార్లు.

మరి నేల పోతే? పోలవరం ముంపు ఊళ్ళలోంచి కోయ, కొండరెడ్డి కుటుంబాల్ని కాలనీలకి తెచ్చారు. ఇల్లు ఇచ్చారు, లెక్క తేలిందన్నారు. ఆ కాలనీలో జీలుగు చెట్టు ఏది? దుంప తవ్వే గట్టు ఏది? పొయ్యిలోకి పుల్ల ఏది? అడవిలో ఊరికే దొరికిన చింతపండుని కొట్లో కొనాలి. నష్టపరిహారం లెక్కలో చెట్టుకి ధర ఉంది, ఇంటికి ధర ఉంది. వానాకాలంలో వండే ముప్ఫై రకాల ఆకుకూరలకి గడి లేదు. ఒక కూర పేరు పలికే మనిషి ఉండి, ఆ కూర మొలిచే చోటు లేకపోతే ఆ పేరు ఎన్నాళ్ళుంటుంది?

వరస. కెస్లాపూర్ నాగోబా జాతర అందరికీ తెలుసు. పుష్య అమావాస్యకి వేలమంది వస్తారు. అక్కడ మెస్రం వంశం వాళ్ళు గోవాడలో 22 పొయ్యిల మీదే వంట చేసుకుంటారు. ఎన్ని కుటుంబాలు వచ్చినా పొయ్యిలు పెరగవు, వంతులు వేసుకుంటారు. ఎవరు ఏ పొయ్యి దగ్గర కూర్చోవాలో, ఎవరి తర్వాత ఎవరో అందరికీ తెలుసు. ఆ పొయ్యి చూస్తే చుట్టరికం తెలుస్తుంది. మన ఊళ్ళలో వేట దొరికినా అంతే, కొట్టినవాడికింత, తోడు పోయినవాడికింత, ఊరికింత, వితంతువుల ఇంటికింత. వంటలో ఏం వేశారన్నది ఎంత ముఖ్యమో ఎవరికి పంచారన్నది కూడా అంతే ముఖ్యం. గదిలో ఒంటరిగా కూర్చుని ఫోను చూస్తూ తింటే సామన్నమైనా సగమే మనది.

ఇప్పుడు మనలో మనం.

మొదట శుద్ధి అన్నలకి. "అసలైన ఆదివాసీ వంటలో టమాటా ఉండదు, మసాలా ఉండదు, కుక్కరు ఉండదు" అని తీర్పులు చెప్పేవాళ్ళున్నారు. అన్నా, మిరపకాయ కూడా మన కొండది కాదు. మిరప, టమాటా, మొక్కజొన్న అన్నీ అమెరికా ఖండం నుంచి ఐదు వందల ఏళ్ళ లోపు ఓడల్లో వచ్చినవే. అక్కడ వాటిని మొదట పండించిందీ ఆదివాసీలే. మొక్కజొన్న పొత్తుని ఇవాళ మన పెరట్లోంచి ఎవరైనా పీకగలరా? చింతపల్లి వైపు రాజ్‌మా తరతరాలది కాదు, అయినా మన పంటే, మన కూరే. కుక్కర్లో వండిన చోడి సంకటి చోడి సంకటే. మేం గదిలో గ్యాసు మీద వండుతున్నాం, అడ్డాకు బదులు స్టీలు పళ్ళెంలో తింటున్నాం. దానికి ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ఎస్టీ సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది చాలదా, వంటకి కూడా సర్టిఫికెట్ కావాలా?

అట్లాగని అన్నీ మనవే అనడం లేదు. కాఫీ మన కొండమీద పండుతుంది, అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అది మన రైతు గౌరవం. కానీ మన పొయ్యి మీద పుట్టింది కాదు. తేడా ఏంటంటే, పైన చెప్పిన నాలుగింటిలో ఏది దానికి అంటుకుంది అని చూడాలి. కాలమా, చెయ్యా, నేలా, వరసా. నేల ఉంది, మిగతావి ఇంకా రావాలి. వస్తే అదీ మనదే అవుతుంది.

రెండోది, తమ్ముళ్ళకి. గ్రూపులో మన తిండి గురించి గర్వంగా రాసేవాళ్ళలో ఎక్కువమంది అబ్బాయిలే. ఇంటికెళ్ళినప్పుడు మంచం మీద కూర్చుని "అమ్మా, అంబలి పొయ్యి" అనేదీ వాళ్ళే. ఇటుకల పండుగ వేటకి పోయి బాగా వండుతారు, జాతర్లో పెద్ద గుండిగ దించుతారు, ఒప్పుకుంటాం. రోజూ వంట మాత్రం ఆడోళ్ళ పని. అవ్వ చేతిలో ఉన్నదాన్ని రీలు తీసి "మా సంస్కృతి" అంటే అది అప్పు తెచ్చుకున్న గర్వం. వీడియో తీసేముందు అవ్వ చేతిలో రోకలి తీసుకోండి. రెండు గుప్పిళ్ళు దంచాక మాట్లాడండి. వంట తన గుర్తింపు అని చెప్పాలంటే ముందు వండడం రావాలి.

మూడోది, మాంసం సంగతి. మనలో కొందరిళ్ళలో పెద్దమాంసం తింటారు, కొందరిళ్ళలో ముట్టరు. కొందరు పంది తింటారు, కొందరు ఎలుకలు కాల్చుకుంటారు, కొందరు ఎర్రచీమలు నూరుకుంటారు. ప్రార్థనలకి పోయి కల్లు మానేసినవాళ్ళున్నారు. మాల వేసుకుని మాంసం మానేసినవాళ్ళున్నారు. తింటే సిగ్గుపడొద్దు, తినకపోతే ఆదివాసీ కాదనొద్దు. రెండూ బెదిరింపులే. ఎర్రచీమల పచ్చడి చూసి మొహం చిట్లించినవాళ్ళు ఎందరో. ఒడిశా మయూర్‌భంజ్ జిల్లా సిమిలిపాల్ చీమల పచ్చడికి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రాకముందు కూడా అది మంచి పచ్చడే. ముద్ర పడ్డాక రుచి మారలేదు. వాళ్ళ మొహం మారింది, అంతే.

మరి ఎలా చెప్పాలి? ఇది చాలామంది అడిగారు. మాకు తోచింది ఇది.

"ట్రైబల్ ఫుడ్" అనొద్దు. అలాంటి వంట ఎక్కడా లేదు. చెంచు పొయ్యి వేరు, సవర పొయ్యి వేరు, గోండు పొయ్యి వేరు. పక్కపక్క ఊళ్ళ మధ్యే తేడా ఉంటుంది. తెలుగువాళ్ళందరి వంటని కలిపి "మైదానం ఫుడ్" అంటే వాళ్ళు ఊరుకుంటారా? ఊరు చెప్పండి, తెగ చెప్పండి, నెల చెప్పండి. ఇలా: "మాది కొండదొర ఇల్లు, పాడేరు వైపు. ఎండాకాలం పొద్దున పూట చోడంబలి తాగి పోడుకి పోతాం, సొరకాయ బుర్రలో పోసి తీసుకెళ్తాం. రాత్రి చోడిపిండి కలిపి నానబెడితే పొద్దుటికి కొంచెం పులుస్తుంది, అందుకే ఎండలో కడుపు చల్లగా ఉంటుంది. నాకు మా అవ్వ నేర్పింది." నాలుగు వాక్యాలు. ఇందులో ఎక్కడా క్షమాపణ లేదు, గొప్పా లేదు. విన్నవాడికి ఒక ఊరు కనబడుతుంది, ఒక మనిషి కనబడుతుంది.

అన్నీ చెప్పాల్సిన పని కూడా లేదు. ఏ దుంప ఏ గట్టున ఉంది, ఏ ఆకు ఏ జబ్బుకి అన్నది కెమెరా పట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పక్కర్లేదు. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థలో ఒక కమిటీ, ప్రజల జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మన పంచాయతీలో ఉందా? ఉంటే అందులో ఏం రాశారు? ఎవరిని అడిగి రాశారు? సెలవులకి ఊరెళ్ళినప్పుడు వెళ్ళి అడగండి. పంచాయతీ ఆఫీసులో ఆ పేరే విననట్టు చూస్తే, రాతపూర్వకంగా అడగండి.

ఆగస్టు 9కి స్టాలు పెట్టాలన్న చర్చలో కూడా ఇదే గొడవ. కొందరు బొంగులో చికెనే పెడదాం, అది ఒక్కటే అమ్ముడుపోతుందన్నారు. మా మాట ఇది. చికెన్ పెట్టండి, అభ్యంతరం లేదు. దాని పక్కన చోడంబలి పెట్టండి, వలిసెల పొడి పెట్టండి, కొమ్ముల కూర పెట్టండి. ప్రతి దాని ముందూ ఊరి పేరు, తెగ పేరు, ఆ వంట మన భాషలో పేరు రాయండి. ఊరి నుంచి వచ్చి వండిన అమ్మలకి బస్సు ఖర్చులూ కూలీ ముందే లెక్కగట్టి ఇవ్వండి. మన పేరుతో మనమే వాళ్ళని ఊరికే వాడుకుంటే హోటలోడికీ మనకీ తేడా ఏంటి?

చివరగా ఒక పని.

వందేళ్ళ కింద పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆయన సవర కాదు, అయినా రాశారు, ఆ మేలు మరవం. కానీ మన పొయ్యి గురించి ఎవరో వచ్చి రాస్తారని కూర్చుంటే కుదరదు. చదువుకున్న మొదటి తరమో రెండో తరమో మనమే. రాయడం వచ్చింది మనకే, అడిగితే చెప్పే అవ్వలు ఇంకా ఉన్నది మన ఇళ్ళలోనే. ఈ రెండూ ఒకేచోట ఉండే కాలం ఎక్కువ లేదు.

గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరూ ఒక్క వంట రాయండి. ఒక్కటి చాలు. కొలతలు లేకపోయినా పర్వాలేదు. ఈ ఆరు సంగతులు మాత్రం ఉండాలి.

మన భాషలో దాని పేరు.
ఏ నెలలో వండుతారు, ఎప్పుడు వండకూడదు.
దినుసు ఎక్కడిది: పోడా, అడవా, పెరడా, సంతా, రేషనా.
చేదు, వగరు, విషం ఏమన్నా ఉంటే ఎలా తీస్తారు.
ఎవరు నేర్పారు.
ఎవరికి ముందు పెడతారు.

రేషను బియ్యంతో వండేదైనా రాయండి, సిగ్గు లేదు. అబ్బాయిలు రాసేటప్పుడు తాము వండి చూసి రాయండి. అవ్వకి చదివి వినిపించి, తప్పుంటే ఆమె దిద్దాకే పోస్టు చెయ్యండి. వచ్చే కొత్త పండుగ నాటికి వంద వంటలు పోగవ్వాలి. "మీవాళ్ళు ఏం తింటారు" అని ఎవరైనా అడిగితే ఆ వందలోంచి మీ ఇంటిది తీసి చెప్పండి.

మొదటివి మేమే పెడతాం. ఈ ఆదివారం సామన్నం, అలసందల కూర. ఆ తర్వాత వరసగా మీరు.

జై సేవా. జై ఆదివాసీ.